సీలు తెగినంత మాత్రాన

గ్రాఫిక్స్ కార్డును వెనక్కి తిప్పి చూస్తే మధ్యలో చతురస్రంగా నాలుగు స్క్రూలు కనిపిస్తాయి. చిప్పు మీద హీట్‌సింక్‌ను బిగించి పట్టుకునేవి అవే. చాలా కార్డుల్లో ఆ నాలుగింటిలో ఒకదాని తల మీద చిటికెనవేలి గోరంత స్టిక్కర్ అంటించి ఉంటుంది. దాని మీద సన్నటి గాట్లు ముందే పెట్టి ఉంచుతారు. స్క్రూడ్రైవర్ మొన తగిలితే చాలు, చిరిగిపోతుంది. మళ్ళీ అతికించడానికి వీలుండదు. ‘తొలగిస్తే వారంటీ చెల్లదు’ అని దాని మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాలుంటాయి. రెండేళ్ళు వాడేసరికి మన ఊళ్ళ దుమ్ముకు హీట్‌సింక్ రెక్కల మధ్య పొరలు గడ్డకడతాయి. చిప్పుకీ హీట్‌సింక్‌కీ మధ్య ఉన్న థర్మల్ పేస్టు ఎండిపోతూ ఉంటుంది. వేడి అదుపులో ఉండాలంటే కార్డు విప్పి, తుడిచి, కొత్త పేస్టు రాయాలి. విప్పితే సీలు తెగి వారంటీ పోతుంది. విప్పకుండా ఉంటే వేడికి కార్డే పోవచ్చు. సరైన నిర్వహణ లేక పాడైన దానికి వారంటీ వర్తించదన్న నిబంధన అదే పత్రంలో ఇంకో చోట ఉంటుంది. ఎటు నడిచినా తప్పు కొన్నవాడిదే అయ్యే ఏర్పాటు ఇది. దీన్ని మామూలు వ్యాపార నిబంధన అని వదిలేయడం నాకు సరి అనిపించదు.

ఏం చేస్తే కంప్యూటర్ వారంటీ పోతుందని అడిగితే మనకు ఎక్కువగా వినిపించే జవాబు ‘విప్పితే పోతుంది’ అన్నదే. అది ఎంత పాతుకుపోయిందంటే, సొంత డబ్బుతో కొనుక్కున్న యంత్రంలో ఒక ర్యామ్ ముక్క వేసుకోవడానికి కూడా జనం జంకుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వారంటీ పోవాలంటే, యజమాని చేసిన ఫలానా పని వల్లే ఫలానా భాగం పాడైందని తేలాలి. ఆ సంగతి తేల్చి చూపాల్సిన బాధ్యత వారంటీ ఇచ్చిన కంపెనీది. ఎవరో లోపల చెయ్యి పెట్టారని చూపే గుర్తు ఎంత స్పష్టంగా ఉన్నా, అది నష్టానికి కారణం చెప్పదు. బస్తా కుట్టు విప్పావు కాబట్టి బియ్యంలో రాళ్ళు నీవే అన్నట్టుంటుంది సీలు చూపించి క్లెయిమ్ తోసిపుచ్చడం. ఇది యజమానుల తప్పులను వెనకేసుకొచ్చే వాదన కాదు. వాళ్ళ చేతుల్లో నిజంగా పాడయ్యేవి చాలా ఉన్నాయి. ముందు వాటిని ఒప్పుకుంటేనే మిగతా మాటకు విలువ.

ప్రాసెసర్ కూర్చునే ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ మూత తెరిస్తే వెంట్రుకల్లాంటి 1,700 లోహపు పిన్నులు ఒకే వాలుగా వంగి నిలబడి ఉంటాయి. మొబైల్ టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే అన్నీ ఒకే తీరుగా మెరుస్తాయి. ప్రాసెసర్‌ను జారవిడిచినా, వేలు తగిలినా, పేస్టు తుడిచే గుడ్డ పోగు చిక్కుకున్నా ఆ మెరుపు వరసలో ఒకచోట నల్లటి వెలితి కనిపిస్తుంది. ఒక్క పిన్ను వంగినా ఒక ర్యామ్ స్లాటు పనిచేయకపోవచ్చు, బోర్డు అసలు లేవకపోవచ్చు. ఇది చేతితో జరిగిన నష్టమే. సర్వీస్ సెంటర్లలో దీన్ని సి.ఐ.డి. అంటారు, అంటే కస్టమర్ వల్ల జరిగిన నష్టం. కీబోర్డు మీద ఒలికిన కాఫీ, కింద పడి పగిలిన తెర, ఎర్తింగ్ లేని ప్లగ్గు, పిడుగు పడ్డప్పుడు వచ్చి కొట్టిన ఓల్టేజీ, ఒక కంపెనీ ఎస్.ఎం.పి.ఎస్. (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) కేబుల్‌ను ఇంకో కంపెనీ ఎస్.ఎం.పి.ఎస్.కు తగిలించడం ఇవన్నీ ఈ కోవలోవే. హార్డ్ డిస్క్ మూత తీయడం అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. దాని లోపల తిరిగే పళ్ళేనికీ, పైన తేలే హెడ్డుకీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. మామూలు గదిలో గాలి మోసుకొచ్చే ధూళి రేణువు దానికి ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ మూత తెరవడమే పాడుచేయడం. అందుకే హార్డ్ డిస్క్ మీద సీలు పెడితే నాకు అభ్యంతరం లేదు. ఆ సీలు తెగడానికీ ఆ నష్టానికీ మధ్య కారణం ఎవరికైనా కనిపించేలా ఉంది.

ఇప్పుడు రెండో రకం పనులు చూడాలి. ల్యాప్‌టాప్ అడుగు పలక విప్పి ర్యామ్ పెంచుకోవడం, పాత డిస్క్ తీసి ఎస్సెస్డీ వేసుకోవడం, ఫ్యాను మీద దుమ్ము ఊదడం, పేస్టు మార్చడం ఇందులోకి వస్తాయి. ఇవి గుర్తు మిగులుస్తాయి గాని, సరిగా చేస్తే నష్టం మిగల్చవు. ఈ మాటకు సాక్ష్యం తయారీదారులే ఇస్తున్నారు. లెనోవో తన థింక్‌ప్యాడ్‌లకు మెయింటెనెన్స్ మాన్యువల్ ప్రచురిస్తుంది. ఏ పలక తర్వాత ఏది తీయాలో, ఏ స్క్రూ పొడవెంతో అందులో ఉంటుంది. కొన్ని భాగాలను కొన్నవాళ్ళే మార్చుకోవచ్చని దాని పత్రాలే చెబుతాయి. డెల్, హెచ్‌పీ కూడా తమ మోడళ్ళకు ఇలాంటి సర్వీస్ మాన్యువళ్ళు బయటపెడతాయి. ఈ పని ప్రమాదకరమైతే ఇన్ని లక్షల మందికి బొమ్మలు గీసి నేర్పేవారు కాదు. ఒక కంపెనీ నేర్పించే పనినే ఇంకో కంపెనీ స్టిక్కర్ నేరంగా ప్రకటిస్తుంటే, తేడా యంత్రంలో లేదని, కంపెనీ ఎంచుకున్న విధానంలో ఉందని తేలిపోతుంది. మూడో రకం కాగితాలకు, లెక్కలకు సంబంధించింది. బిల్లు పోవడం, సీరియల్ నంబర్ చెరిగిపోవడం, గడువు దాటడం లాంటివి. ఎస్సెస్డీకైతే రాత పరిమితి కూడా ఉంటుంది. శాంసంగ్ 870 ఈవో 1 టీబీ రకానికి వారంటీ 5 ఏళ్ళు, లేదా 600 టెరాబైట్లు రాసేదాకా, ఏది ముందు వస్తే అది. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిచ్చిన పరికరాల విషయంలో మన ఇళ్ళల్లో తగిలే చిక్కు దేశపు హద్దు. కొన్న దేశంలోనే వారంటీ అనే షరతు చాలా భాగాలకు ఉంటుంది. ఈ మూడో రకంలో నాకు పెద్ద తగాదా లేదు. కొనేముందు చదివి తెలుసుకోదగ్గవి అవి. తగాదా అంతా రెండో రకాన్ని మొదటి రకంలో కలిపేయడం దగ్గరే.

ఇలా కలిపేయడం తప్పని అమెరికా చట్టం 1975 నుంచీ చెబుతోంది. ఆ ఏడు వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు విడిభాగమే వాడాలి, ఫలానా చోటే రిపేరు చేయించాలి అని వారంటీకి ముడిపెట్టకూడదు. ఆ భాగాన్నో సేవనో ఉచితంగా ఇస్తే, లేదా ప్రత్యేక అనుమతి పొందితే తప్ప. బయటి భాగం వల్లో బయటి రిపేరు వల్లో నష్టం జరిగిందని చూపగలిగినప్పుడు మాత్రం కంపెనీ ఆ నష్టానికి క్లెయిమ్ నిరాకరించవచ్చు. ఈ చట్టాన్ని గుర్తుచేస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 ఏప్రిల్‌లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటిలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో, ఏసస్ ఉన్నాయి. 2024 జులైలో మరో ఎనిమిది కంపెనీలకు లేఖలు వెళ్ళాయి. వాటిలో మూడు కంప్యూటర్ భాగాలు అమ్మేవే, ఆస్‌రాక్, గిగాబైట్, జోటాక్. మామూలు నిర్వహణకూ రిపేరుకూ అడ్డుపడే చోట్ల ‘తొలగిస్తే వారంటీ చెల్లదు’ అన్న స్టిక్కర్లు అంటించడం మీదే ఆ మూడింటినీ కమిషన్ నిలదీసింది. అంటే పైన చెప్పిన స్క్రూ తల సంగతే. ఇవి జరిమానాలు కావు, తీర్పులూ కావు, హెచ్చరికలు. అయినా, వినియోగదారులను కాపాడే ఒక ప్రభుత్వ సంస్థ ఆ గోరంత కాగితాన్ని పనిగట్టుకుని పట్టించుకుందంటే, అది జనం మీద ఎంత పట్టు సాధించిందో అర్థమవుతుంది.

గుర్తును బట్టి తీర్పు చెబితే ఎంత పొరపాటు జరగవచ్చో ఇటీవలి రెండు ఘటనలు చూపించాయి. 2023 వసంతంలో ఏఎమ్‌డీ రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్లోనే కాలిపోయాయి. మెమరీని పెట్టె మీద రాసిన వేగంతో నడపడానికి ఎక్స్‌పో అనే సెట్టింగ్ పెట్టుకున్నప్పుడు, మదర్‌బోర్డులు చిప్పులోని ఒక భాగానికి మోతాదు మించిన ఓల్టేజీ ఇస్తున్నాయని బయటపడింది. దాన్ని 1.3 ఓల్టులకు కట్టడి చేస్తూ మదర్‌బోర్డులోని బయోస్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త కూర్పులు వచ్చాయి. ఏసస్ తొందరగా విడుదల చేసిన బీటా బయోస్ పక్కన, దాన్ని వాడితే వారంటీ పోతుందన్న అర్థం వచ్చే గమనిక పెట్టారు. చిప్పును కాపాడే మందే వారంటీని తీసేసేదైంది. విమర్శలు వెల్లువెత్తాక, బీటా బయోస్‌కీ ఎక్స్‌పోకీ కూడా వారంటీ వర్తిస్తుందని ఆ కంపెనీ ప్రకటించింది. మరుసటి ఏడు ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు తరచూ ఆగిపోతూ వచ్చాయి. మొదట్లో వేళ్ళన్నీ మదర్‌బోర్డు సెట్టింగుల వైపు చూపించాయి. 2024 జులైలో ఇంటెల్ అసలు సంగతి చెప్పింది. ప్రాసెసర్ లోపలి మైక్రోకోడే అవసరాన్ని మించిన ఓల్టేజీ అడుగుతోందని. ఆ తర్వాత వారంటీని మరో రెండేళ్ళు పొడిగించింది. కారణం కోసం వెదక్కుండా, సెట్టింగ్ మార్చిన ఆనవాలు చూసి ఆగిపోయి ఉంటే, తయారీలోని తప్పుకు మూల్యం కొన్నవాళ్ళు చెల్లించేవాళ్ళు. సెట్టింగ్ మార్చారన్నది నిజమే. దాని వల్లే చెడిపోయిందన్నది వేరే నిజం. రెండోది విడిగా రుజువు కావాలి.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బలమైనది మోసం గురించినది. అజాగ్రత్తగా విప్పి పాడుచేసి, ఏమీ ఎరగనట్టు రిప్లేస్‌మెంట్ అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఖర్చు చివరికి నిజాయితీగా కొన్నవాళ్ళ ధరలోనే కలుస్తుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల చిన్న లాభంతో భాగాలు అమ్మే వ్యాపారికి తిరిగొచ్చిన ప్రతి బోర్డూ భారమే. ఈ బాధ నిజమైనది. అయితే మోసగాణ్ణి పట్టుకోవడానికి సీలు మంచి సాధనమేమీ కాదు. సీలు ముట్టుకోకుండా టీ ఒలికించవచ్చు, కింద పడెయ్యవచ్చు. సీలు తెంపి ఏ హానీ చేయకుండా శుభ్రం చేయవచ్చు. అసలు సాక్ష్యం యంత్రంలోనే ఉంటుంది. ద్రవం పడితే బోర్డు మీద మరక, పచ్చటి తుప్పు మిగులుతాయి. షార్టయితే మాడిన చోటు భూతద్దంలో కనిపిస్తుంది. ఎస్సెస్డీ తాను ఎన్ని గంటలు నడిచిందో, ఎంత రాసిందో లోపలే లెక్క రాసుకుంటుంది. వంగిన పిన్నును ఫోటో తీయవచ్చు. వీటిని చూసే నిపుణులు కంపెనీల దగ్గర ఇప్పటికే ఉన్నారు. తడి తెలిపే గుర్తుల సంగతీ ఇంతే. ల్యాప్‌టాప్‌ల, ఫోన్ల లోపల తెల్లగా ఉండి, నీరు తగిలితే ఎర్రబడే చుక్కలు పెడతారు. ఆ చుక్క రంగు చూసి ఐఫోన్, ఐపాడ్ వారంటీలు నిరాకరించారన్న దావాలో, గాలిలో తేమకు కూడా రంగు మారవచ్చన్న వాదన మీద ఆపిల్ 2013లో 5.3 కోట్ల డాలర్లకు రాజీపడింది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలో బతికే యంత్రాలకు ఈ సంగతి దూరదేశపు కథ కాదు. చుక్క ఎర్రబడితే వెదకడం మొదలుపెట్టాలి. అక్కడితో వెదకడం ఆపకూడదు.

రెండో అభ్యంతరం భద్రత గురించి. తెలియనివాళ్ళు విప్పితే వాళ్ళకే ప్రమాదం అంటారు. ఎస్.ఎం.పి.ఎస్. విషయంలో ఇది పూర్తిగా నిజం. గోడ ప్లగ్గులోని 230 ఓల్టులు దాని లోపల నేరు కరెంటుగా మారి పెద్ద కెపాసిటర్లో సుమారు 400 ఓల్టుల దాకా నిలవ ఉంటాయి. ప్లగ్గు పీకాక కూడా ఆ నిలవ కొంతసేపు మిగలవచ్చు. అక్కడ సీలు వేయడం, హెచ్చరించడం కంపెనీ ధర్మం. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్సెస్డీ మాత్రం 12 ఓల్టులకు లోబడి నడిచేవి. వాటిని కరెంటు తీసేసి ముట్టుకుంటే మనిషికి హాని ఉండదు. స్థిర విద్యుత్తు వల్ల భాగానికి హాని జరగవచ్చు, జాగ్రత్త అవసరం. కానీ జాగ్రత్త నేర్పాల్సిన చోట వారంటీ తీసేస్తామని బెదిరించడం భద్రత అనిపించుకోదు. రిపేరు మీద పెట్టే ఆంక్షలను సమర్థిస్తూ తయారీదారులు చెప్పిన కారణాలకు ఆధారాలు చాలా తక్కువగా దొరికాయని అదే ట్రేడ్ కమిషన్ 2021లో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో తేల్చింది. ప్రమాదం ఉన్న భాగాన్ని చూపి ప్రమాదం లేని పది భాగాలకూ తాళం వేయడం ఎక్కడైనా అతే.

మూడో అభ్యంతరం ఒప్పందం పేరుతో వస్తుంది. షరతులు రాసి ఉన్నాయి, ఇష్టపడే కొన్నారు, ఇప్పుడు కాదనడం ఏమిటి అంటారు. ఆ షరతుల కాగితం పెట్టె అడుగున ఉంటుంది, డబ్బు కట్టాకే చేతికి వస్తుంది, మార్చమని అడగడానికి ఎదుట మనిషి ఉండడు. ఒకవైపే రాసుకున్న ఒప్పందాలు అన్యాయంగా ఉండవచ్చని మన 2019 వినియోగదారుల రక్షణ చట్టమే గుర్తించింది. వినియోగదారుణ్ణి దెబ్బతీసే అసమంజసమైన షరతు పెట్టడాన్ని అన్యాయపు ఒప్పందాల కింద చేర్చింది. మన దేశంలో సీలు స్టిక్కర్ల గురించే విడిగా చెప్పిన చట్టం లేదు గాని, దారి చూపే తీర్పు ఒకటి కార్ల రంగంలో వచ్చింది. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఆ జరిమానా మీద అప్పీళ్ళు నడిచాయి. ఇక్కడ మనకు కావాల్సింది ఆ ఉత్తర్వులోని ఒక మాట. బయటి మెకానిక్ చేత పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందన్న షరతు పెట్టకూడదని, బయట జరిగిన తప్పుడు రిపేరు వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చని కమిషన్ చెప్పింది. ఎంత నష్టమో అంతవరకే. నేను వాదిస్తున్నదంతా ఆ కొలతే. ర్యామ్ స్లాటు విరిగితే ర్యామ్ స్లాటుకు వారంటీ పోవచ్చు. తెర మీద పడిన నిలువు గీతకు ఆ స్లాటును చూపించకూడదు. కారుకు న్యాయమైన కొలత కంప్యూటర్‌కు ఎందుకు అన్యాయమవుతుందో ఎవరూ చెప్పలేరు.

ప్రతి క్లెయిమ్‌లోనూ కారణం వెదికితే ఖర్చు పెరిగి ధరలు పెరుగుతాయన్నది చివరి అభ్యంతరం. యూరోపియన్ యూనియన్ దీనికి చాలాకాలంగా జవాబిస్తోంది. అక్కడి 2019 నాటి ఆదేశం ప్రకారం, సరుకు చేతికొచ్చిన మొదటి ఏడాదిలో బయటపడ్డ లోపం మొదటినుంచీ ఉన్నదేనని భావిస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది అమ్మినవాడే. అంతకుముందు ఆ గడువు ఆరు నెలలు ఉండేది. అనుభవం చూశాకే దాన్ని రెట్టింపు చేశారు. అక్కడా కంప్యూటర్లు అమ్ముడవుతూనే ఉన్నాయి, అవే కంపెనీలు అమ్ముతున్నాయి. పైగా వెదికే ఖర్చు ఎవరు భరించాలన్నది కూడా న్యాయానికి సంబంధించిన ప్రశ్నే. బోర్డు నమూనా, విడిభాగాలు, పరీక్ష యంత్రాలు, వేల క్లెయిముల అనుభవం అన్నీ కంపెనీ చేతిలో ఉన్నాయి. కొన్నవాడి చేతిలో బిల్లు ఉంది. తెలుసుకోగల శక్తి ఎవరికుందో రుజువు భారం వాళ్ళ మీద ఉండటమే సబబు.

మన వంతు పని కూడా ఉంది, ఎందుకంటే కారణం అడిగేవాడు తన కారణం చూపించగలగాలి. కొనేముందు ఆ మోడల్ వారంటీ పత్రం చదవాలి. విప్పేముందు సీరియల్ నంబర్, బోర్డు ఫోటోలు తీసుకోవాలి. సాకెట్ ప్లాస్టిక్ మూత పారేయకుండా దాచుకోవాలి, మదర్‌బోర్డు వెనక్కి పంపేటప్పుడు దాన్ని తొడిగి పంపమంటారు. సర్వీస్ సెంటర్లో ఇచ్చేటప్పుడు వస్తువు పైకి ఎలా ఉందో జాబ్ షీట్లో రాయించుకోవాలి. నిరాకరిస్తే, ఏ భాగం, ఏ పని వల్ల, ఏ ఆనవాలు చూసి అన్నది రాతలో ఇమ్మని అడగాలి. నోటిమాటతో పంపేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆపైన వినియోగదారుల కమిషన్ ఉంది. వివాదం మొదలైన రెండేళ్ళ లోపు అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే వస్తువును ప్రయోగశాలకు పంపించే అధికారం కమిషన్‌కు ఆ 2019 చట్టమే ఇచ్చింది. 38వ సెక్షన్‌లోని ఆ ఏర్పాటు వెనకున్న ఆలోచన నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. చెడిపోయిన వస్తువు ఎందుకు చెడిపోయిందో వస్తువునే అడగాలి అన్నది ఆ ఆలోచన.

ఒక కంప్యూటర్ మన ఇళ్ళల్లో కొందరికి నెలల సంపాదన. కొందరు పిల్లలకు అదే చదువు, కొందరు యువకులకు అదే ఉపాధి. దాన్ని శుభ్రం చేసుకోవడానికి, కాలానికి తగ్గట్టు పెంచుకోవడానికి భయపడేలా చేస్తే ఆ యంత్రం ఆయువు తగ్గుతుంది, చెత్తకుప్ప పెరుగుతుంది, తమ వస్తువు గురించి తెలుసుకోవాలన్న కోరిక జనంలో చచ్చిపోతుంది. కంపెనీలు స్టిక్కర్లు పీకేయాలని నేను పట్టుబట్టను. ఎవరు విప్పారో తెలుసుకోవడానికి అవి పనికొస్తే ఉండనివ్వండి. విప్పడమే నష్టం అన్న అబద్ధాన్ని మాత్రం వాటి మీద అచ్చు వేయడం మానాలి. వారంటీ కాగితాల్లో ఒక వాక్యం చేరితే చాలు: యజమాని చేసిన పని వల్ల నష్టం జరిగిందని మేము చూపించగలిగినప్పుడు, ఆ నష్టం మేరకు మాత్రమే ఈ వారంటీ వర్తించదు. నిజాయితీగా తయారుచేసే కంపెనీకి ఈ వాక్యం వల్ల పోయేదేమీ లేదు. ఆ వాక్యం రాసేదాకా, కారణం చెప్పని ఏ తిరస్కారాన్నీ చివరి మాటగా తీసుకోకుండా అడుగుతూ ఉండటం కొన్నవాళ్ళ హక్కు.